దవడలో పెట్టే ఎముక ఏ జంతువుదో రోగికి ముందే చెప్పాలి

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆరోగ్యం పేజీలో పోయిన వారం దంత ఇంప్లాంట్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. పన్ను పోయిన చోట దవడలో స్క్రూ బిగించి దాని మీద కొత్త పన్ను ఎలా కడతారో, షుగర్ ఉన్నవాళ్లు ఏం చూసుకోవాలో, పొగతాగే అలవాటు ఉంటే ఎందుకు ఫెయిలవుతుందో అందరికీ అర్థమయ్యేలా రాశారు. దవడ ఎముక చాలకపోతే ఎముక పొడి వేసి భర్తీ చేస్తారని మాత్రం ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఆ ఎముక ఎక్కడిదో రాయలేదు. వ్యాసంలోనే కాదు, చాలాచోట్ల కుర్చీలో పడుకున్న రోగికి కూడా ఆ మాట చెప్పడం లేదు. దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తెనాలిలో ఉంటున్నాను. కింది దవడలో ఎడమ పక్క నమిలే పన్ను ఒకటి పుచ్చింది. రూట్ కెనాల్ చేయించినా నిలవక చివరికి తీయించేశాను. కొన్నేళ్లు కుడి పక్కనే నములుతూ నెట్టుకొచ్చి, పిల్లల పోరు పడలేక ఇంప్లాంట్‌కి ఒప్పుకున్నాను. ఎక్స్‌రే తీశారు, రక్తపరీక్షలు అయ్యాయి, ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అవసరాన్ని బట్టి బోన్ గ్రాఫ్ట్ చేయడానికి ఒప్పుకుంటున్నట్టు అందులో ఒక లైను ఉంది. అదేమిటని అడిగితే, అవసరం పడకపోవచ్చు, పడితే అప్పుడు చెబుతాం అన్నారు.

అప్పుడు అంటే ఎప్పుడో తెలుసా? మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురు కోసి, ఎముక బయటపడ్డాక. "అనుకున్నంత వెడల్పు లేదు మేడమ్, కొంచెం బోన్ పౌడర్ వేసేద్దాం" అన్నారు డాక్టరు గారు. నా పెదవి సగం మొద్దుబారి ఉంది. ఆ నోటితోనే "దేని ఎముకండీ?" అని అడిగాను. "ఇంపోర్టెడ్ మెటీరియల్ మేడమ్, చాలా సేఫ్. టెన్షన్ పడకండి" అన్నారు. నేను అడిగింది సేఫా కాదా అని కాదు. మళ్లీ అడిగాను. పక్కనున్న అసిస్టెంటు అమ్మాయి నా కళ్లజోడు తెచ్చి పెట్టి, డబ్బా నా ముఖం ముందు పట్టుకుంది. అరచేతిలో ఇమిడే అట్టపెట్టె. లోపల వేలెడంత గాజు సీసాలో అర గ్రాము తెల్లటి పలుకులు. పెట్టె మీద అంతా ఇంగ్లీషే. సన్నటి అక్షరాల్లో ఒక మూలన, పశువుల ఎముక నుంచి తీసిన ఖనిజం అని ఉంది.

"వేయండి" అన్నాను.

నాకు అభ్యంతరం లేదు కాబట్టి వేయించుకున్నాను. ఆ పొడి ఇప్పటికీ నా దవడలోనే ఉంది, దాని మీదే పన్ను నిలబడింది, రెండు పక్కలా హాయిగా నములుతున్నాను. వైద్యం బాగోలేదని ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు. నా బాధ వేరే. గోవుని పూజించే మా తోడికోడలు ఆ కుర్చీలో ఉండి ఉంటే? ఇంగ్లీషు చదవడం రాని మా పాలావిడ ఉండి ఉంటే? చిగురు తెరిచి, నెత్తుటి గుడ్డ నోట్లో ఉండగా, డాక్టరు గారి చేతులు ఆగి ఎదురుచూస్తుంటే "వద్దండీ, నేను ఆలోచించుకుని చెబుతాను" అనగలిగే మనిషి ఎంతమందిలో ఒకరు? అడగకుండా ఒప్పుకున్నవాళ్లకి తాము దేనికి ఒప్పుకున్నారో ఎప్పటికీ తెలియదు.

ఇంతకీ ఈ పొడి అవసరం ఎందుకు పడుతుందో చెప్పాలి. పన్ను ఉన్నంతకాలమే దాన్ని పట్టుకున్న ఎముక ఉంటుంది. పన్ను తీసేశాక ఆ ఎముకకి పని లేక అరిగిపోతుంది. నమిలే పళ్లు తీసిన చోట ఏడాదిలో దవడ అంచు వెడల్పు దాదాపు సగం తగ్గుతుందనీ, ఆ తగ్గేదాంట్లో మూడింట రెండొంతులు మొదటి 3 నెలల్లోనే పోతుందనీ 2003లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. నాలాగా ఏళ్ల తరబడి వదిలేసిన వాళ్లకి స్క్రూ పట్టేంత వెడల్పు మిగలకపోవడంలో ఆశ్చర్యం లేదు. చిగుళ్ల జబ్బుతో పంటి చుట్టూ ఎముక కరిగి గుంతలు పడినా, గడ్డ తీసేసిన చోట ఖాళీ ఏర్పడినా, పై దవడ మీద ఉండే సైనస్ అనే గాలి గది కిందికి దిగి ఎముక పలచబడినా ఇదే పొడి వాడతారు.

ఎముక పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకు రెండు కోడి ఎముకలు చూపించేదాన్ని. ఒకదాన్ని వెనిగర్‌లో నానబెడితే కొన్ని రోజులకి అందులోని ఖనిజం కరిగిపోయి, ఎముక మెత్తబడి చేత్తో వంచితే వంగుతుంది. అప్పుడు మిగిలింది కొల్లాజెన్ అనే మాంసకృత్తి. రెండోదాన్ని నిప్పుల మీద బాగా కాలిస్తే మాంసకృత్తి కాలిపోయి తెల్లటి ఖనిజం మిగులుతుంది, వేళ్ల మధ్య నలిపితే పొడవుతుంది. గట్టిదనం ఖనిజానిది, విరగకుండా వంగే గుణం కొల్లాజెన్‌ది అని పిల్లలు తమ చేతులతో చూసి తెలుసుకునేవాళ్లు. పళ్ల డాక్టర్లు వాడే జంతు పదార్థాలు కూడా ఈ రెండు రకాలే. పశువుల ఎముకని వేడితోనూ రసాయనాలతోనూ శుద్ధి చేసి మాంసకృత్తులన్నీ తీసేస్తే మిగిలే ఖనిజం మొదటిది. జర్మనీలో తయారయ్యే సెరాబోన్ అనే రకాన్ని 1200 డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే బయో-ఆస్, స్విట్జర్లాండ్‌లోని గీస్ట్‌లిఖ్ సంస్థది, అదీ పశువుల ఎముక ఖనిజమే. ఇక రెండోది, పొడి చెదిరిపోకుండా, పై నుంచి చిగురు కండ లోపలికి చొరబడకుండా కప్పే పలచటి పొర. దాన్ని మెంబ్రేన్ అంటారు. ఆ పొర కొల్లాజెన్‌తో చేసింది. గీస్ట్‌లిఖ్ వాళ్లదే బయో-గైడ్ అనే పొర పంది కొల్లాజెన్. ఇటలీ నుంచి వచ్చే ఆస్టియోబయాల్ రకాల్లో పంది ఎముకవీ, గుర్రం ఎముకవీ ఉన్నాయి. ఇవేవీ రహస్యాలు కావు. తయారుచేసే సంస్థలు తమ కాగితాల్లో తామే రాసుకుంటాయి. సంస్థ నుంచి డాక్టరు దాకా వచ్చిన సమాచారం డాక్టరు నుంచి రోగి దాకా రావడం లేదు, అంతే.

పశువు ఎముకనే ఎందుకు ఎంచుకున్నారన్నది కూడా న్యాయంగా చెప్పుకోవాలి. దాని ఖనిజం మన ఎముక ఖనిజానికి చాలా దగ్గర. సన్నటి రంధ్రాల అల్లిక కూడా అలాగే ఉంటుంది. తీగకి పందిరి ఎలాగో మన ఎముక కణాలకి ఆ పలుకులు అలాగ. వాటి రంధ్రాల్లోకి రక్తనాళాలు పాకుతాయి, వెనకాలే కొత్త ఎముక పెరుగుతుంది. ఇందుకు 4 నుంచి 6 నెలలు, సైనస్ దగ్గరైతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఇక్కడ ఒక విషయం ముఖ్యం. ఆ పలుకులు తొందరగా కరగవు. చుట్టూ మన ఎముక పెరిగి వాటిని తనలో కలిపేసుకుంటుంది, ఏళ్లు గడిచినా సూక్ష్మదర్శినిలో చూస్తే లోపల కనిపిస్తూనే ఉంటాయి. డాక్టర్లకి అది మంచి గుణం, ఎందుకంటే దవడ ఆకారం నిలబడుతుంది. రోగి వైపు నుంచి చూడండి. వేయించుకున్నాక ఎప్పుడో డబ్బా చూసి, అయ్యో ఇది నాకు పనికిరాదే అనుకుంటే తీయడానికి కుదరదు. తీయాలంటే తన సొంత ఎముకని కూడా కలిపి తొలిచెయ్యాలి. మింగిన మాత్ర అయితే రేపటికి ఒంట్లోంచి పోతుంది. ఇది పోదు. ముందే చెప్పాలని నేను ఇంత గట్టిగా అడుగుతున్నది ఇందుకే.

ఈ ముడి ఈనాటిది కాదు. జంతువు ఎముకని మనిషికి అతికించిన సంగతి మొదట పుస్తకానికెక్కింది 1668లో. యోబ్ వాన్ మీకెరెన్ అనే డచ్ వైద్యుడు రాసి పెట్టాడు. రష్యాలో ఒక సైనికుడి పుర్రె కత్తి దెబ్బకి పగిలితే కుక్క పుర్రె ముక్కతో ఆ చోటు పూడ్చారట. గాయం మానింది. కానీ మనిషి తలలో కుక్క ఎముక ఉండటాన్ని చర్చి ఒప్పుకోలేదు, అతణ్ని వెలివేసింది. పాపం అతను మళ్లీ వైద్యుడి దగ్గరికి వెళ్లి తీసేయమని అడిగాడట. అప్పటికే అది అతని ఎముకలో కలిసిపోయి తీయడానికి వీల్లేకుండా ఉంది. చదివినప్పుడు నాకు ఆ వైద్యుడి నేర్పు కంటే ఆ సైనికుడి అవస్థే మనసులో నిలిచిపోయింది. ప్రాణం దక్కింది, తన మనుషుల్లో చోటు పోయింది. తలకి దెబ్బ తగిలి పడి ఉన్నవాణ్ని అడిగే వీలు ఆ రోజు లేదేమో. ఇంప్లాంట్ వేయించుకోవడానికి అపాయింట్‌మెంట్ తీసుకుని ఆటోలో దిగిన మనిషిని అడగడానికి ఏం అడ్డం?

మన దగ్గర ఈ సంగతి ఒక్క మతానిది కాదు. హిందువుల్లో చాలామందికి ఆవు తల్లి. ముస్లింలకి పంది నిషిద్ధం. జైనులకి, కొన్ని శాకాహార కుటుంబాలకి ఏ జంతువుదైనా పడదు. చాలా ఆపరేషన్లలో పొడి పశువుది, పైన కప్పే పొర పందిది. అంటే ఒకే ఆపరేషన్‌లో ఇద్దరి మనసూ నొచ్చుకునే సరుకు ఉండొచ్చు. అలాగని వీళ్లందరూ వద్దంటారని ఎవరూ అనుకోవద్దు. మా నాన్నగారికి షుగర్ ఉండేది. మనిషి ఇన్సులిన్ అని ఇప్పుడు దొరికేది 1982లో గానీ మార్కెట్లోకి రాలేదు, అంతకుముందు అంతా పశువులదీ పందులదీనే. మా ఊరి డాక్టరు గారు మొదటి సూది వేసే ముందే నాన్నగారిని కూర్చోబెట్టి "మాష్టారూ, ఇది పశువుల క్లోమం నుంచి తీస్తారు. మీ ఇష్టం" అని చెప్పారు. నాన్నగారు నిత్యం సంధ్య వార్చే మనిషి. ఆ రాత్రి ఆలోచించుకుని, ప్రాణం నిలిపే మందుకి దోషం లేదని తనకి తాను చెప్పుకుని మర్నాడు వెళ్లి వేయించుకున్నారు. ఆ నిర్ణయం ఆయనది. బతికినన్నాళ్లూ ఆ డాక్టరు గారంటే ఆయనకి ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను.

నాతో పనిచేసిన ఉర్దూ టీచరు గారి సంగతి కూడా చెబుతాను. ఆవిడకి గుంటూరులో పై పన్ను తీసిన చోట గ్రాఫ్ట్ చేయాల్సి వచ్చింది. అక్కడి డాక్టరమ్మ ముందు రోజే ఫోన్ చేసి "ఆపా, పొడి పశువులది, మీకు ఇబ్బంది ఉండదనుకుంటాను. పైన వేసే పొర మాత్రం పందిది ఉంది నా దగ్గర. మీకు వేరేది తెప్పించనా?" అని అడిగిందట. తెప్పించింది. ఆ పిలుపుకి పట్టింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల గురించి మా టీచరు గారు ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు.

భయం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరం చదివి రేపు వాట్సాప్‌లో ఎవరో పళ్ల డాక్టర్లు రోగాలు అంటిస్తున్నారని పుకారు పుట్టించడం నాకు ఇష్టం లేదు. పశువులకి వచ్చే పిచ్చి ఆవు జబ్బు మనుషులకీ సోకి ఉండొచ్చని 1996 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం పార్లమెంటులో ఒప్పుకున్నప్పటి నుంచి పశువుల నుంచి వచ్చే ప్రతి వైద్య సరుకు మీదా నిఘా పెరిగింది. ఆ జబ్బు తెచ్చే ప్రోటీను ఎక్కువగా ఉండేది మెదడులో, వెన్నుపాములో. ఎముక ఖనిజం తయారీలో మాంసకృత్తుల్ని తీసేస్తారు, జబ్బు లేని ప్రాంతాల పశువుల్నే ఎంచుకుంటారు. ప్రమాదం పూర్తిగా సున్నా అని ఏ శాస్త్రవేత్తా రాసివ్వడు, కొందరు పరిశోధకులు ఇంకా జాగ్రత్త కావాలని రాస్తూనే ఉన్నారు. దశాబ్దాలుగా ప్రపంచమంతా వాడుతున్న సరుకు ఇది. నేను వేయించుకున్నాను, మళ్లీ అవసరమైతే మళ్లీ వేయించుకుంటాను. కానీ సేఫ్ అన్న మాట ఒక ప్రశ్నకి జవాబు. దేనిది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదాన్ని దాటేయడం సరికాదు.

పైగా వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. గడ్డం దగ్గరో, దవడ వెనకో రోగి సొంత ఎముకనే కొంచెం తీసి వాడొచ్చు. దానికి మించిన సరుకు లేదని డాక్టర్లే అంటారు, అయితే ఇంకో చోట కోత, ఇంకో చోట నొప్పి. మనుషులు దానమిచ్చిన ఎముక ఉంది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988 నుంచి టిష్యూ బ్యాంకు నడుస్తోంది, అక్కడ దాతల ఎముకని శుద్ధి చేసి గామా కిరణాలతో స్టెరిలైజ్ చేస్తారు. ఏ ప్రాణితోనూ సంబంధం లేకుండా ఫ్యాక్టరీలో చేసే కాల్షియం ఫాస్ఫేట్ పొడులు ఉన్నాయి. ఎముకతో అతుక్కునే గాజు ఉంది. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ల్యారీ హెంచ్ కనిపెట్టినది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ శాస్త్రవేత్తలు ఇలాంటి ఎముక పదార్థాల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. రోగి చేతి నుంచే రక్తం తీసి గిర్రున తిప్పి, అందులోంచి వచ్చే జిగట ముద్దని గుంతలో పెట్టే పద్ధతి మన చిన్న ఊళ్ల క్లినిక్కుల్లో కూడా ఇప్పుడు చేస్తున్నారు. అన్నీ అన్నిటికీ సమానం కావు. కొన్ని ఫ్యాక్టరీ పొడులు ముందే కరిగిపోతాయి, పెద్ద గుంతకి రక్తపు ముద్ద ఒక్కటే చాలదు. ఏది ఎక్కడ పనికొస్తుందో డాక్టరు గారికే తెలుసు, ఆ మాటకి నేను ఎదురు చెప్పను. మా తోడికోడలు మాత్రం సంగతి విన్నాక తన డాక్టరు దగ్గర ముందే అడిగి ఫ్యాక్టరీ పొడి వేయించుకుంది. ఆయన "ఇంకొంచెం ఎక్కువ రోజులు ఆగి చూడాల్సి రావొచ్చమ్మా" అని చెప్పి మరీ వేశారు. ఆవిడ ఆగింది, ఆవిడకీ బాగానే ఉంది. కొందరికి అసలు పొడే అక్కర్లేకపోవచ్చు. చిన్న గుంత నెత్తుటి గడ్డతోనే తనంతట తాను పూడుకుంటుంది. ఇంప్లాంట్ కాకుండా పక్క పళ్ల ఆసరాతో నిలిచే బ్రిడ్జి కట్టించుకోవచ్చు. ఇవన్నీ పేషెంటు ముందు పెట్టాలి కదా.

పెద్ద ఎత్తున దవడ పోయినవాళ్ల సంగతి వేరు. 2021లో కరోనా వెనకాలే బ్లాక్ ఫంగస్ వచ్చి, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి వార్డులు ఎలా నిండిపోయాయో మీ పత్రికలోనే చదివాం. అప్పుడు పై దవడ తీసేయించుకున్నవాళ్లకి ఈ సీసాలో పొడి సరిపోదు. కాలి ఎముక తెచ్చి అతికించడమో, చెంప ఎముకలోకి పొడుగాటి ఇంప్లాంట్లు దించడమో చేయాలి. వాళ్లని ఈ చర్చలోకి లాగి, మతం పేరు చెప్పి ఉన్న వైద్యాన్ని అడ్డుకుంటున్నారని నన్ను అనొద్దు. నేను ఏ సరుకునీ నిషేధించమనడం లేదు. పశువుల గుండె పొరతో, పంది గుండె కవాటంతో చేసిన కవాటాలు ఎందరి గుండెల్నో కొట్టుకునేలా చేస్తున్నాయి. వాటికి చేతులెత్తి దణ్ణం పెడతాను.

చట్టం ఏమంటోందో చూద్దాం. రోగి అంగీకారం గురించి వచ్చిన సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వైద్యం ఏమిటి, ఎందుకు, దానికి బదులు వేరే దారులు ఉన్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ రోగికి సరిపడా తెలియజేశాక ఇచ్చిందే అసలైన అంగీకారం అని. బదులు వేరే దారులు ఉన్నాయని చెప్పాలంటే, ముందు ఇది ఏ సరుకో చెప్పాలి కదా? ఇక 2017 వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. జంతు కణజాలంతో చేసిన, ఒంట్లో పెట్టే వస్తువుల్ని వాటిలో అన్నిటికంటే గట్టి తనిఖీ ఉండే డి తరగతిలో చేర్చారు. అంటే ఇది మామూలు సరుకు కాదని ప్రభుత్వానికి తెలుసు. మరి బిస్కెట్ ప్యాకెట్ మీద శాకాహారమో మాంసాహారమో తెలిపే గుర్తు తప్పనిసరి. దాన్ని చూసి చిన్నపిల్లలు కూడా ఏది తినాలో తేల్చుకుంటారు. జీవితాంతం దవడలో ఉండిపోయేదాని మీద సామాన్యుడు చూసి పోల్చుకునే గుర్తు ఎందుకు ఉండకూడదు? డబ్బాని రోగి చూడడు, డాక్టరు చూస్తారు కదా అంటారేమో. ఆ డబ్బాలో బ్యాచ్ నంబరు ఉన్న అంటించే చీటీలు ఉంటాయి. ఒకటి కేస్ షీట్ మీద అంటిస్తారు. ఇంకోటి రోగి చేతిలో పెట్టొచ్చు. నేను అడిగి తీసుకుని నా పాత మెడికల్ కార్డు వెనక అంటించుకున్నాను. రేపు ఆ బ్యాచ్‌లో తేడా ఉందని సంస్థ వెనక్కి పిలిస్తే, లేదా నేను వేరే ఊళ్లో వేరే డాక్టరు దగ్గరికి వెళితే, నా దవడలో ఏముందో ఆ చీటీయే చెప్పాలి. ఊరు మారినా, క్లినిక్ మూతపడినా చీటీ నా దగ్గరే ఉంటుంది.

డాక్టర్ల తరఫు మాట కూడా నేను విన్నాను. తెనాలిలోనే తెలిసిన పళ్ల డాక్టరు ఒకాయన "చెబితే చాలామంది భయపడి లేచి వెళ్లిపోతారు టీచర్ గారూ, ఆనక పళ్లు లేకుండా బాధపడతారు" అన్నారు. ఆయన మంచికే అన్నారు. కానీ పొలం అమ్మాలా వద్దా, పిల్లని ఎవరికివ్వాలి అన్న నిర్ణయాలు చేసుకునే మనుషులు, తమ నోట్లో ఏం పెట్టుకోవాలో తేల్చుకోలేరా? లేచి వెళ్లేవాళ్లు ఉంటే అది వాళ్ల హక్కు. పైగా ముందే తెలిసి ఒప్పుకున్న రోగి తర్వాత గొడవకి రాడు. తెలియకుండా జరిగి, ఏ బంధువో డబ్బా ఫొటో చూసి చెబితే మాత్రం క్లినిక్ ముందు జనం పోగవుతారు. అది ఏ డాక్టరుకీ రాకూడదు. రెండు రాష్ట్రాల్లోనూ మతం పేరుతో నిప్పు రాజేయడానికి ఎదురుచూసేవాళ్లకి కొదవ లేదు, వాళ్లకి మనమే అగ్గిపుల్ల అందించకూడదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉండాలి. పాతబస్తీ లాంటి చోట్ల ఉర్దూలోనూ ఉండాలి. అందులో పొడి దేనిది, పొర దేనిది అని నింపడానికి రెండు ఖాళీలు ఉండాలి. పశువుదా, పందిదా, గుర్రానిదా, మనిషిదా, ఫ్యాక్టరీదా అన్నది వాడుక మాటల్లో రాయాలి. మత్తు ఇంజెక్షన్‌కి ముందు, వీలైతే ముందు రోజే అది రోగి చేతికి ఇవ్వాలి. అవసరం పడకపోవచ్చు అనిపించినా పడితే ఏది వాడతామో అప్పుడే అడిగి పెట్టుకోవాలి. విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలలూ, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలా ముందుకొచ్చి ఒక నమూనా కాగితం తయారుచేస్తే ప్రైవేటు క్లినిక్కులు వాటినే వాడుకుంటాయి. అక్కడ చదువుకునే పిల్లలకి కూడా ఎముక పొడి ఎలా నింపాలో నేర్పేటప్పుడే, నింపే ముందు రోగితో ఏం మాట్లాడాలో నేర్పితే బాగుంటుంది. మన పిల్లలే రేపు పల్లెల్లో క్లినిక్కులు పెట్టేది.

మీ పత్రిక ద్వారా ఆ కళాశాలల ప్రిన్సిపాళ్లకి ఈ విన్నపం చేరుతుందని ఆశిస్తున్నాను. కాగితాన్ని తెలుగులో, పల్లెటూరి మనిషికి కూడా అర్థమయ్యేలా రాసే మనిషి కావాలంటే నేను రాసిపెడతాను. విజయవాడకి తెనాలి నుంచి గంట ప్రయాణం. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను.

ఇట్లు
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
తెనాలి